గుర్రపు రౌతు తుపాకికి గుర్తులే జాతకం

సంతలో ఎద్దును కొనే రైతు దాని రంగు చూసి మురిసిపోడు. నోరు తెరిపించి పళ్ళు పట్టి చూస్తాడు. సుళ్ళు చూస్తాడు. నాలుగడుగులు నడిపించి చూస్తాడు. కొమ్ములు చెక్కి, రంగు పూసి, ముసలి ఎద్దును పడుచు ఎద్దుగా అంటగట్టే వాళ్ళుంటారని అతనికి తెలుసు.

పాత తుపాకులు సేకరించే వాళ్ళ పద్ధతి కూడా ఇంచుమించు ఇదే. వాళ్ళు చూసేది పళ్ళను కాదు, ఇనుము మీద, కర్ర మీద గుద్దిన చిన్న చిన్న అచ్చులను. ముఖ్యంగా జర్మనీ సైన్యంలో గుర్రపు రౌతులు వాడిన పొట్టి తుపాకుల విషయంలో ఈ అచ్చులే సర్వస్వం. అచ్చులున్న తుపాకి తన కథ తానే చెబుతుంది. అచ్చులు చెరిగిన తుపాకి మూగది.

రౌతుకు పొట్టి తుపాకి ఎందుకు?

కాలిబంటుకు పొడవాటి తుపాకి ఉపయోగం. దూరం కొట్టవచ్చు. చివర బాయినెట్ తగిలిస్తే బల్లెంలా పొడవవచ్చు. గుర్రం మీద ఉన్నవాడి సంగతి వేరు. ఒక చేతిలో కళ్ళెం ఉంటుంది. నడుముకు కత్తి వేలాడుతుంది. పొడవు తుపాకి జీనుకు తగులుతుంది, గుర్రం డొక్కలో గుచ్చుకుంటుంది. అందుకే గొట్టం కురచ చేసి రౌతుల కోసం వేరే తుపాకి తయారు చేశారు. దానినే కార్బైన్ అంటారు.

పొడవు తగ్గించడం ఒక్కటే మార్పు కాదు. తుపాకి తెరిచి మూసే బోల్టు పిడి కాలిబంట్ల తుపాకికి పక్కకు పొడుచుకుని ఉండేది. రౌతుకు అది బట్టలకు, తోలు పట్టెలకు తగులుకుంటుంది. కనుక కార్బైన్‌కు ఆ పిడిని కిందికి వంచారు. ముందు కొసనున్న గురి బొడిపె తోలు ఒరలో పెట్టేటప్పుడు, తీసేటప్పుడు దెబ్బ తినకుండా దానికి రెండు వైపులా చెవుల వంటి ఇనుప రెక్కలు పెట్టారు. పాత కార్బైన్లలో చాలా వాటికి బాయినెట్ తగిలించే ఏర్పాటు లేదు. రౌతుకు కత్తి, బల్లెం ఉన్నాయి కదా అన్నది అప్పటి లెక్క. 1890 ప్రాంతంలో జర్మన్ రౌతుల దళాలన్నిటికీ 3.2 మీటర్ల ఉక్కు గొట్టపు బల్లేలు ఇచ్చారు.

సూది తుపాకి

జర్మనీ 1871 వరకు ఒకే దేశం కాదు. ప్రష్యా, బవేరియా, సాక్సనీ వంటి వేరు వేరు రాజ్యాలు. వీటిలో ప్రష్యా బలమైనది. ఆ రాజ్యానికి పేరు తెచ్చిన ఆయుధం సూది తుపాకి. జొమ్మెర్డా అనే పట్టణంలో యోహాన్ నికొలౌస్ డ్రైజె అనే పనివాడు దీన్ని రూపొందించాడు. మీట నొక్కగానే పొడవాటి సూది కాగితపు తూటాను, అందులోని మందును చీల్చుకుంటూ పోయి గుండు అడుగున ఉన్న నిప్పు మందును పొడిచేది. దానితో తూటా పేలేది.

అప్పటి వరకు సిపాయి నిలబడి గొట్టం మూతి నుంచి మందు కూరేవాడు. ఈ తుపాకిని వెనుక నుంచే నింపవచ్చు. గుర్రం మీద ఉన్నవాడికి ఇది ఎంత వెసులుబాటో వేరే చెప్పనక్కర లేదు. రౌతుల కోసం 1857 నమూనా కార్బైన్ వచ్చింది. 1866లో ఆస్ట్రియాతో, 1870లో ఫ్రాన్సుతో జరిగిన యుద్ధాలలో ప్రష్యా డ్రాగూన్లు, హుస్సార్లు అనే రౌతు దళాలు దీన్ని పట్టాయి. ఉక్కు కవచాలు తొడిగే క్యూరాసియర్లకు, బల్లెం పట్టే ఊలాన్లకు మాత్రం అప్పట్లో పిస్తోళ్ళే గతి.

సూది తుపాకికి లోపాలు లేకపోలేదు. పేలిన ప్రతిసారీ సూది మంటలో ఉండటం వల్ల విరిగిపోయేది. వెనుక కీలు వద్ద సెగ చిమ్మేది. ఈనాటి సేకరణకర్త అలాంటి కార్బైన్ చేత బట్టగానే మొదట సూది ఉందా, అసలుదా, తర్వాత చేయించి పెట్టిందా అని చూడటానికి కారణం ఇదే.

శత్రువు తుపాకే మన తుపాకి

1870-71 యుద్ధంలో ఫ్రెంచి సైన్యాలు సెడాన్ వద్ద, మెట్జ్ కోట వద్ద లొంగిపోయాయి. వాళ్ళ షాస్పో తుపాకులు కుప్పలు తెప్పలుగా జర్మన్ల చేతికి చిక్కాయి. సూది తుపాకి కంటే అవి మేలైనవి. తమ రౌతులకు కొత్త కార్బైన్ ఇంకా సిద్ధం కాలేదు. దానితో ఆ ఫ్రెంచి తుపాకులనే గొట్టం కోసి కురచ చేసి, లోహపు తూటా పట్టేలా మార్చి జర్మన్ రౌతులకు పంచారు.

ఇలాంటి తుపాకిని ఎరగనివాడు చూస్తే గందరగోళ పడతాడు. రూపం ఫ్రెంచిది, దాని మీది కిరీటపు అచ్చు జర్మనీది. తెలిసినవాడికి ఆ రెండూ కలిసి ఉండటమే నిదర్శనం.

బవేరియా దారి వేరు. ఆ రాజ్యం 1869లో వెర్డర్ అనే ఇంజనీరు తుపాకిని తీసుకుంది. దానిలో బోల్టు బదులు కిందికి దిగి పైకి లేచే దిమ్మ ఉండేది. వేగంగా పేలుతుంది గనుక జనం దాన్ని మెరుపు తుపాకి అన్నారు. దానిలోనూ రౌతులకు కార్బైన్ తయారయింది. ఈ రకం చాలా అరుదు.

మౌజర్ అన్నదమ్ములు

జర్మనీ ఒకే సామ్రాజ్యమయ్యాక అందరికీ ఒకే తుపాకి కావలసి వచ్చింది. నెక్కర్ నది ఒడ్డున ఉన్న ఓబెర్న్‌డోర్ఫ్ పట్టణంలో మౌజర్ అన్నదమ్ములు విల్హెల్మ్, పాల్ రూపొందించిన తుపాకి ఎంపికయింది. అదే 1871 నమూనా. గొట్టం రంధ్రం 11 మిల్లీమీటర్లు. ఒక్కసారికి ఒక్క తూటాయే. సిపాయి తుపాకి పొడవు దాదాపు 135 సెంటీమీటర్లు కాగా, 1876లో వచ్చిన కార్బైన్ పొడవు ఇంచుమించు ఒక మీటరు. దాని కర్ర గొట్టం మూతి దాకా ఉంటుంది. బోల్టు పిడి కిందికి వంగి ఉంటుంది. గొట్టం శుభ్రం చేసే ఇనుప కడ్డీ గానీ, బాయినెట్ కొక్కెం గానీ ఉండవు.

పొగ రాని మందు వచ్చాక 11 మిల్లీమీటర్ల తుపాకులు పాతబడ్డాయి. 1888లో సైనిక సంఘం ఒకటి కూర్చుని కొత్త తుపాకి తయారు చేయించింది. రంధ్రం 8 మిల్లీమీటర్లకు కొద్దిగా తక్కువ. 5 తూటాలున్న ఇనుప పట్టీని పై నుంచి దించితే, తూటాలు అయిపోగానే ఖాళీ పట్టీ అడుగున ఉన్న కంత గుండా జారిపోతుంది. దీని కార్బైన్ 1890లో రౌతులకు అందింది. పొడవు 95 సెంటీమీటర్లు, బరువు 3 కిలోల పైచిలుకు. బోల్టు పిడి చివర గరిటె కాడలా చదునుగా ఉంటుంది. ఎర్ఫుర్ట్ ప్రభుత్వ కార్ఖానాలోను, సూల్ పట్టణంలోని హేనెల్, షిల్లింగ్ అనే ప్రైవేటు సంస్థలలోను ఇవి తయారయ్యాయి.

తర్వాతిది 1898 నమూనా. దానికి మొదట చేసిన కార్బైన్ గొట్టం మరీ కురచది. కొత్త రకం తూటా పెట్టి పేల్చగా భుజాన్ని గట్టిగా తన్నింది, మూతి వద్ద పెద్ద మంట లేచింది. దానిని విరమించి 1908లో 109 సెంటీమీటర్ల కార్బైన్ తెచ్చారు. రౌతులకు, ఫిరంగి దళాలకు అదే తుపాకి. దానికి బాయినెట్ కూడా పడుతుంది. గుర్రం దిగి నేల మీద పోరాడక తప్పదని అప్పటికి అర్థమైందన్నమాట. 1914లో మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. కందకాల ముందు, మరతుపాకుల ముందు గుర్రం నిలవలేదు.

అచ్చులు చదివే విధానం

ఇక గుర్తింపు సంగతి. 1871 తర్వాతి తుపాకులకు గొట్టం వెనుక, తూటా కూర్చునే చోట కిరీటం, కార్ఖానా పేరు, తయారైన సంవత్సరం కోసం వెతుకుతారు. ఎడమ పక్కన పాత జర్మన్ లిపిలో నమూనా పేరు ఉంటుంది. కర్ర మడమ మీద కిరీటం, దాని కింద రాజు పేరు పొడి అక్షరాలు ఉంటాయి. కిరీటం కింద ఎల్ అక్షరం ఉంటే అది బవేరియాది.

తర్వాత చూసేది నంబరు. జర్మన్ కార్ఖానాలు ప్రతి ఏడూ 1 నుంచి లెక్క మొదలు పెట్టేవి. 10,000 దాటితే మళ్ళీ 1 నుంచి మొదలు పెట్టి, పక్కన ఒక అక్షరం చేర్చేవి. కనుక ఒకే నంబరు గల తుపాకులు అనేకం ఉండవచ్చు. కార్ఖానా, సంవత్సరం, నంబరు, అక్షరం నాలుగూ కలిస్తేనే ఒక తుపాకి పూర్తి పేరు అవుతుంది.

ఆ నంబరును గొట్టం మీద, బోల్టు మీద గుద్దేవారు. చిన్న మరల మీద సహితం చివరి రెండు అంకెలు వేసేవారు. అన్ని భాగాల మీదా ఒకే నంబరు ఉంటే ఆ తుపాకి కార్ఖానా నుంచి వచ్చిన రూపంలోనే ఉన్నట్టు. గొట్టం ఒక నంబరు, బోల్టు మరో నంబరు అయితే రెండు మూడు తుపాకుల ముక్కలు కలిపి అతికినట్టు. సేకరణకర్తల దృష్టిలో ఈ రెంటికీ హస్తిమశకాంతరం. ఇవి గాక ప్రతి భాగం మీదా నలుసంత కిరీటం, దాని కింద ఒక అక్షరం కనిపిస్తాయి. తనిఖీదారు పాసు చేశాడనడానికి అది సాక్ష్యం.

అన్నిటికంటే విలువైనది దళం గుర్తు. పశువుకు వాత వేసినట్టు, ఏ దళానికి చెందిన తుపాకికి ఆ దళం గుర్తు వేసేవారు. హెచ్ అంటే హుస్సార్లు, యు అంటే ఊలాన్లు, డి అంటే డ్రాగూన్లు, కె అంటే క్యూరాసియర్లు. ఆ అక్షరంతో పాటు రెజిమెంటు సంఖ్య, అందులో స్క్వాడ్రన్ సంఖ్య, ఆ స్క్వాడ్రన్‌లో తుపాకి సంఖ్య ఉంటాయి. వేలెడంత జాగాలో ఉన్న ఈ నాలుగు ముక్కలతో ఆ తుపాకి ఏ లాయం గోడకు ఆనించి ఉండేదో, ఏ పటాలంతో నడిచిందో తెలుసుకోవచ్చు.

కోసిన తుపాకులతో మోసం

కార్బైన్లు కాలిబంట్ల తుపాకులంత ఎక్కువగా తయారు కాలేదు. తక్కువ దొరికేదానికి గిరాకీ ఎక్కువ. గిరాకీ ఉన్న చోట మోసం ఉంటుంది. మామూలు పొడవు తుపాకి గొట్టం రంపంతో కోసి, కర్ర తగ్గించి, పిడి వంచి రౌతుల కార్బైన్ అని అమ్మేవాళ్ళు బయలుదేరారు.

దీన్ని పట్టడానికి అచ్చులే ఆధారం. 1871 నమూనా అసలైన కార్బైన్ మీద జర్మన్ లిపిలో కె అనే అక్షరంతో మొదలయ్యే పేరు ఉంటుంది. సిపాయి తుపాకి మీద ఐ, జి అక్షరాలు ఉంటాయి. గొట్టం కోయవచ్చు గానీ ఆ పేరు కోయలేరు. గీకి తీసేస్తే గీకిన చోటు పల్లమై పట్టిస్తుంది. 1888 నమూనాకు గురి చూసే మెట్టు మరో సాక్షి. సిపాయి తుపాకి మెట్టు మీద 2,050 మీటర్ల దాకా అంకెలుంటే, కార్బైన్ మెట్టు 1,200 మీటర్లతో ఆగుతుంది.

మోసం లేని పొరపాట్లు కూడా ఉన్నాయి. 1891లో కోట ఫిరంగి దళాలకు ఇచ్చిన తుపాకి, 1888 రౌతు కార్బైన్ కవల పిల్లల్లా ఉంటాయి. ఫిరంగి దళం దానికి మూతి కింద, తుపాకులను గుడారంలా పేర్చి నిలబెట్టడానికి ఒక కొక్కెం ఉంటుంది. రౌతు దానికి ఉండదు. ఇక 1935లో వచ్చి, రెండవ ప్రపంచ యుద్ధంలో వాడిన 98కె అనే తుపాకి పేరులో కార్బైన్ అని ఉన్నా అది ప్రధానంగా కాలిబంట్ల ఆయుధం. పేరు చూసి రౌతుదనుకుంటే పొరపాటు.

ఒక్క అక్షరం ప్రాణం తీయవచ్చు

కొన్ని తుపాకుల మీద తూటా గది వద్ద ఎస్ అనే అక్షరం కనిపిస్తుంది. ఇది అలంకారం కాదు. 1905 ప్రాంతంలో జర్మనీ కొనదేరిన కొత్త గుండును తెచ్చింది. పాత గుండు కంటే అది రవ్వంత లావు, మందు శక్తి కూడా ఎక్కువ. కొత్త తూటాకు సరిపడేలా మార్చిన తుపాకి మీద ఎస్ గుద్దారు. మార్చని 1888 కార్బైన్‌లోనూ కొత్త తూటా ఇమిడిపోతుంది. పేల్చితే లోపల వత్తిడి మితిమీరి తుపాకి చీలవచ్చు. పేల్చినవాడి కన్నుకు, ప్రాణానికి ముప్పు.

అందుకే అనుభవజ్ఞులు పాత కార్బైన్ చేతికి రాగానే మూతిని మనుషుల వైపు తిప్పకుండా పట్టుకుని, బోల్టు తెరిచి లోపల తూటా లేదని ముందు రూఢి చేసుకుంటారు. దానిని పేల్చి చూడాలన్న ఆలోచనే పెట్టుకోరు.

తోమితే పోయేది తుప్పు ఒక్కటే కాదు

పాత కార్బైన్లను పాడు చేసింది యుద్ధాల కంటే గరుకు కాగితమే అన్నా అతిశయోక్తి కాదు. ఇంట్లో దొరికిన పాత తుపాకిని తళతళ లాడించాలని గరుకు కాగితంతో తోముతారు. కర్రకు చిత్రిక పట్టి వార్నీషు పూస్తారు. మెరుపు వస్తుంది. కానీ కర్ర మీది కిరీటం, కట్టు మీది దళం గుర్తు, మర మీది రెండంకెలు అన్నీ ఆ ధూళిలో కలిసిపోతాయి. నూరేళ్ళ జాతకం ఒక్క పూటలో చెరిగిపోతుంది. పోయిన అచ్చును తిరిగి గుద్దితే అది దొంగ అచ్చే.

తెలిసినవాళ్ళు చేసే పని చాలా తక్కువ. మెత్తని గుడ్డతో దుమ్ము తుడుస్తారు. పల్చటి నూనె రాసి తుప్పును మెల్లగా నానబెట్టి తీస్తారు. తేమ తగలని చోట భద్రపరుస్తారు. నల్లబడిన కర్రను నల్లగానే ఉంచుతారు.

మిగిలినవే కొన్ని

మొదటి ప్రపంచ యుద్ధంలో ఓడిన జర్మనీ మీద 1919లో వెర్సాయ్ సంధి షరతులు విధించింది. సైన్యం లక్ష మందికి మించరాదు. అందులో రౌతుల డివిజన్లు మూడే. మిగులు ఆయుధాలను లక్షల సంఖ్యలో నరికి, కరిగించారు. 1945లో రెండవసారి ఓడినప్పుడు ఇళ్ళలో ఉన్న ఆయుధాలు కూడా అప్పగించమని ఉత్తరువులు వచ్చాయి. ఈ రెండు గండాలు దాటినవే ఇప్పుడు సేకరణల్లోను, ప్రదర్శనశాలల్లోను కనిపిస్తున్నాయి. సూల్ పట్టణంలోని ఆయుధ ప్రదర్శనశాల, ఇంగోల్‌స్టాట్‌లోని బవేరియా సైనిక ప్రదర్శనశాల ఇందుకు పేరుపొందినవి.

చట్టం దృష్టిలో కూడా సంవత్సరమే కీలకం. జర్మనీలో 1871 జనవరి 1కి ముందు రూపొందిన సూది తుపాకిని పెద్దలెవరైనా లైసెన్సు లేకుండా కొనుక్కోవచ్చు. ఆ తర్వాతి మౌజర్ కార్బైన్‌కు అనుమతి కావాలి. అమెరికా కేంద్ర చట్టం 1898లోను, అంతకు ముందు తయారైన వాటిని పురాతన వస్తువులుగా లెక్కిస్తుంది. కనుక గొట్టం మీది నాలుగంకెలు అరిగిపోతే యజమానికి చిక్కే.

మన దేశంలో 1959 ఆయుధాల చట్టం వర్తిస్తుంది. ఎంత పాతదైనా సరే, పని చేసే తుపాకికి లైసెన్సు తప్పదు. బాగు చేయించి పేల్చడానికీ వీలులేని పాత తుపాకులకే చట్టంలో మినహాయింపు. అది తేల్చవలసింది ఇంటివారు కాదు. అటక మీదో, పాత గోడలోనో తాతల నాటి తుపాకి బయట పడితే దాన్ని తోమకుండా, తెరవకుండా పోలీసు స్టేషనులో తెలియజేయడం క్షేమం. నూరేళ్ళు దాటిన చారిత్రక వస్తువులను ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించడాన్ని 1972 పురావస్తువుల చట్టం నిషేధిస్తున్నది.

హైదరాబాద్ రౌతులు

జర్మన్ తుపాకుల కథతో తెలుగు నేలకు ఒక సంబంధం ఉంది. తుర్కీ సుల్తాను ప్రభుత్వం 1887 నుంచే మౌజర్ తుపాకులను, కార్బైన్లను కొన్నది. మొదటి ప్రపంచ యుద్ధంలో తుర్కీ, జర్మనీ ఒకే పక్షం. పాలస్తీనాలో వాళ్ళకు ఎదురు నిలిచిన సైన్యంలో హైదరాబాద్, మైసూరు, జోధ్‌పూర్ సంస్థానాల బల్లెపు రౌతులు ఒకే బ్రిగేడుగా ఉన్నారు. 1918 సెప్టెంబరు 23న ఆ బ్రిగేడు హైఫా రేవు పట్టణాన్ని పట్టుకుంది. జోధ్‌పూర్, మైసూరు రౌతులు గుర్రాలను దౌడు తీయించి పట్టణం మీద పడ్డారు. తుర్కీ, జర్మన్ సిపాయిలు వెయ్యి మందికి పైగా బందీలయ్యారు. ఢిల్లీలోని తీన్‌మూర్తి కూడలిలో నిలబడి ఉన్న మూడు విగ్రహాలు ఆ మూడు సంస్థానాల రౌతులకు గుర్తు.

ఆ రౌతులు లేరు, గుర్రాలు లేవు. కార్బైన్ పట్టిన చేతుల పేర్లు కూడా చాలా వరకు ఎవరికీ తెలియవు. మిగిలింది ఇనుము మీద గుద్దిన ఒక కిరీటం, ఒక అక్షరం, నాలుగు అంకెలు. వాటిని చెరపకుండా తర్వాతి వాళ్ళకు అప్పగించడమే సేకరణ. తక్కినదంతా పాత ఇనుము బేరం.